తొమ్మిది గుడ్లు, అయిదు సున్నాలు

బల్లి మీద పడితే ఏ ఫలితమో పంచాంగంలో ఉంటుంది. తల మీద పడితే ఒకటి, భుజం మీద పడితే ఇంకొకటి, ఆడవాళ్ళకి వేరు, మగవాళ్ళకి వేరు. మనిషి చెయ్యి బల్లి గుడ్డు మీద పడితే ఏ ఫలితమో మాత్రం ఏ సిద్ధాంతీ రాయలేదు. అది నేను రాస్తున్నాను. పాములకీ తాబేళ్ళకీ తొండలకీ మేత పెట్టి పెట్టి రిటైరైనవాణ్ణి, ఆ మాత్రం అధికారం నాకుంది.

కొత్తగా ఈ పనిలో చేరుతున్న పిల్లలు చదువుతారని రాస్తున్నాను. మీకు డిగ్రీలున్నాయి. నాకు ఏడో తరగతి ఉంది, అదీ సగమే. లెక్కల మాస్టారికీ నాకూ అభిప్రాయభేదాలు వచ్చాయి. ఆయన బడిలో ఉండిపోయారు, నేను బయటికి వచ్చేశాను. ఆ తరవాత గోదావరి వైపు ఒక కోళ్ళ హేచరీలో ఆరేళ్ళు గుడ్లు పొదిగించాను. కోడి చెయ్యాల్సిన పని నేను చేశాననుకోండి. ఆ ఆరేళ్ళే నా కొంప ముంచాయి. ఎలాగో చెబుతాను.

మా కేంద్రం విశాఖకి ఉత్తరాన, కొండ పక్కన ఉండేది. దాని పేరు చెప్పను. అందులో ఎవరి పేరూ చెప్పను. చెబితే ఫోన్లు వస్తాయి. కొందరు ఎందుకు రాశావని తిడతారు, కొందరు ఇంకా పెద్ద అక్షరాల్లో ఎందుకు వెయ్యలేదని తిడతారు.

అండమాన్ వైపు ఒక చిన్న దీవి ఉంది. ఆ దీవిలో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా లేని బల్లి ఒకటుంది. బల్లి అంటే ట్యూబ్‌లైటు వెనక కాపురం పెట్టేది కాదు. మూర పొడుగు, అందులో ముప్పాతిక తోకే, ఒళ్ళంతా లేత అరిటాకు రంగు, గడ్డం కింద నీలం. ఓడలతో పాటు ఆ దీవిలో దిగిన ఎలుకలూ పిల్లులూ దాని గుడ్లు తినేస్తున్నాయి. అడవి తరిగి కొబ్బరి తోటలు పెరుగుతున్నాయి. ఒక్క పెద్ద తుపాను వస్తే మొత్తం జాతే పోతుంది. అందుకని కొన్నైనా ఇంకోచోట బతికి ఉండాలని, పెద్దపెద్ద అనుమతులు తెచ్చుకుని మూడిటిని ఓడలో విశాఖ పంపించారు. ఒక మగ, రెండు ఆడ.

పోర్టుకి జీపు తీసుకుని నేనే వెళ్ళాను. పెట్టె మీద స్టాంపులూ సీళ్ళూ చూసి గేటు దగ్గర కాపలా అతను అడిగాడు.

"ఏటి గురూ, మంత్రిగారేటి లోపల?"

"మంత్రులు బోల్డుమంది ఉన్నారు. ఇవి మూడే ఉన్నాయి," అన్నాను.

కాగితాలు రెండుసార్లు చదివి, పెట్టెకి దణ్ణం లాంటిదేదో పెట్టి గేటు ఎత్తాడు.

వాటి బాధ్యత ఒక శాస్త్రవేత్తది. ఈ ఊరి అమ్మాయే, ముప్పై కూడా నిండలేదు. తల్లి నర్సు, తండ్రి చర్చిలో హార్మోనియం వాయిస్తాడు. ఈ పిల్ల మాత్రం మూడేళ్ళు ఆ దీవిలో చెట్ల కింద కూర్చుని, రెండుసార్లు మలేరియా తెచ్చుకుని, ఆ బల్లి ఎప్పుడు తింటుందో ఎప్పుడు తల ఊపుతుందో రాసుకుంది. నేను ఆమెను మేడమ్ అనేవాణ్ణి, ఆమె నన్ను బాబాయ్ అనేది. ఎవరి కింద ఎవరు పనిచేస్తున్నారో బయటివాళ్ళకి అర్థమయ్యేది కాదు.

మా అందరి మీదా ఒక పెద్దాయన ఉండేవారు. కృష్ణా జిల్లా మనిషి. ఆయన చొక్కా మడతకి మనం చెయ్యి కోసుకోవచ్చు. మంచివారే, కానీ విదేశాల నుంచి వచ్చిన వస్తువు మీద ఆయనకున్న నమ్మకం, ఇక్కడ పుట్టిన మనిషి మీద ఉండేది కాదు.

ఇంక మిగిలినవాడు మా బావ. చుట్టరికం ఏమీ లేదు, మా వైపు బావ అనడానికి చుట్టరికం అక్కర్లేదు. ఆటోనగర్లో లారీలకి కరెంటు పనులు చేస్తాడు. హెడ్‌లైటు వెలగని లారీ అతని చెయ్యి తగిలితే కన్ను కొడుతుంది. గుడ్లు పొదిగే పెట్టె విదేశం నుంచి రావాలంటే ఏడాది పడుతుందని తెలిసి మేడమ్ దిగాలుగా ఉంటే, నేనే ఆమెను ఆటోనగర్ తీసుకెళ్ళాను. మేడమ్ కాగితం మీద బొమ్మ గీసి ఇచ్చింది. నెల తిరక్కుండా మా బావ ఒక పాత కూల్‌డ్రింకుల ఫ్రిజ్‌ను తీసుకుని, దానికి వేడి తీగలు చుట్టి, ఓ చిన్న ఫ్యాను పెట్టి, కరెంటు పోయినా నడిచేలా లారీ బ్యాటరీ తగిలించి తెచ్చాడు.

"సూడు బావా! సల్లబెట్టే పెట్టిని ఎచ్చబెట్టే పెట్టి సేసినాను. ఇంజినీరింగంటే అదీ."

"గుడ్లు ఉడికిపోవు కదా?"

"ఉడికితే నువ్వే తిందువుగాని. ఉప్పూ కారం నాను తెత్తాను."

పెద్దాయన వచ్చి ఆ పెట్టె చుట్టూ ఒకసారి తిరిగారు. తలుపు మీద ఇంకా సగం చెరిగిన సోడా బొమ్మ ఉంది. "మనం చేసేది రీసెర్చ్ అమ్మా," అన్నారు మేడమ్‌తో. "చూద్దాం. ఇది గానీ తేడా చేసిందా, ఈ జంతువుల్ని వేరే ఊళ్ళో పెద్ద సెంటర్‌కి పంపించెయ్యడమే."

వేసవి మొదట్లో పెద్ద ఆడబల్లి తొమ్మిది గుడ్లు పెట్టింది. ఆ రోజు నేను మేతకి కీచురాళ్ళు తేవడానికి వెళ్ళాను. వచ్చేసరికి మేడమ్ వాటిని ఒక డబ్బాలో, తడిపిన కొబ్బరిపీచు పొడిలో మూడు వరసలుగా సగం పాతి, ఒక్కో గుడ్డు మీదా పెన్సిల్‌తో చిన్న ఇంటూ మార్కు పెట్టి, పెట్టెలో సర్దేసింది. పదిరోజులు గడిచాయి. టార్చి వెలుగు పక్కనుంచి పెట్టి చూస్తే లోపల ఎర్రటి నరాలు సన్నగా కనిపించేవి. తొమ్మిదిటిలోనూ కనిపించేవి. ఆ పిల్ల టార్చి ఆర్పేసి చీకట్లో కాసేపు నిలబడిపోయేది. కళ్ళు తుడుచుకుంటోందని నాకు తెలుసు, తెలియనట్టు గొంతు సవరించుకునేవాణ్ణి.

గుడ్ ఫ్రైడే వచ్చింది. ఈస్టర్ దాకా మూడు రోజులు ఆమె సెలవు. వెళ్తూ వెళ్తూ నాకు అప్పగింతలు పెట్టింది.

"టెంపరేచర్ మూడుపూటలా రాయి బాబాయ్. పొడి ఆరిపోతే నాకు ఫోన్ చెయ్యి. ఇంకేమీ చెయ్యక్కర్లేదు. ఇంకేమీ చెయ్యొద్దు."

"అలాగేనమ్మా. హాయిగా వెళ్ళిరా."

ఇక్కడ మీరు కొంచెం ఆగి ఆలోచించాలి. మన ఇళ్ళల్లో భోజనానికి కూర్చున్నవాడు "ఇంకేమీ వద్దమ్మా" అంటే ఏం చేస్తాం? ఇంకో గారె వేస్తాం. రెండోసారి కూడా వద్దంటే రెండు వేస్తాం. ఆమె "ఇంకేమీ వద్దు" అని రెండుసార్లు అంది. పెద్దవాణ్ణి, పని చెప్పడానికి మొహమాటపడుతోంది పాపం అనుకున్నాను.

శుక్రవారం పొద్దున పెట్టె తెరిచి టెంపరేచర్ రాశాను. గుడ్ల వంక చూశాను. ఆరేళ్ళ హేచరీ నా వేళ్ళలోకి దిగింది. మాది మిషన్లు లేని పాత హేచరీ. అక్కడ ప్రతి గుడ్డుకీ ఒక పక్క ఇంటూ, రెండో పక్క సున్నా గీసేవాళ్ళం. పొద్దున ఇంటూ పైకి, సాయంత్రం సున్నా పైకి. అలా రోజూ తిప్పకపోతే లోపల పిల్ల పెంకుకి అంటుకుని చచ్చిపోతుంది. ఇక్కడ చూస్తే ఇంటూలు ఉన్నాయి. పదిరోజులైనా ఇంటూలే పైకి ఉన్నాయి. సున్నాలు లేవు.

అయ్యో, ఎంత చదువుకున్నా చిన్నపిల్ల, రెండో పక్క గియ్యడం మరిచిపోయింది, తిప్పడమూ మరిచిపోయింది అనుకున్నాను. మేడమ్ పరువు కాపాడాలనుకున్నాను. ఆమె వచ్చేలోగా ఈ లోపం సరిచేసి, ఎవరికీ చెప్పకుండా ఉండాలని కూడా అనుకున్నాను. నా పెద్దమనసుకి నాకే ముచ్చటేసింది.

చేతులు కడుక్కుని మొదలెట్టాను. ఫ్యాను వైపున్న వరసతో మొదలుపెట్టి, ఒక్కో గుడ్డూ సుతారంగా ఎత్తడం, తిరగెయ్యడం, పైకి వచ్చిన పక్కన సున్నా గీయడం. కోడిగుడ్డులా గట్టిగా ఉండదది, తోలు సంచిలా మెత్తగా ఉంటుంది. మొదటి వరస మూడూ అయ్యాయి. రెండో వరసలో రెండు అయ్యాయి. అయిదో సున్నా చుట్టడం పూర్తవుతుంటే పెన్సిల్ మొన విరిగింది.

చెక్కుకునేది గోడకి దారంతో కట్టి ఉంది. దాని పక్కన ఇంగ్లీషు కాగితం ఒకటి నెల్లాళ్ళుగా అతికించి ఉంది. నేనెప్పుడూ దాన్ని చూడలేదు, ఎందుకంటే దాని పైనున్న మేకుకే రోజూ నా చొక్కా తగిలించేవాణ్ణి. ఆ రోజు చొక్కా పక్కకి జరిపాను. కాగితం మీద ఒక గుడ్డు బొమ్మ. దాని పక్కన అదే గుడ్డు తిరగబడిన బొమ్మ, చుట్టూ ఒక బాణం. దాని మీద ఈ చివర నుంచి ఆ చివరికి ఎర్రటి కొట్టివేత.

అది అర్థం కావడానికి ఏడో తరగతి కూడా అక్కర్లేదు.

అసలు సంగతి తరవాత తెలిసింది. ఇలాంటి జీవాల గుడ్డులో పిల్ల, పెట్టిన ఒకటి రెండు రోజులకే పై పెంకుకి అతుక్కుని పెరుగుతుంది. తిరగేస్తే తన సొన కిందే తను నలిగి ఊపిరాడక పోవచ్చు. అందుకే ఇంటూ: ఈ పక్క ఎప్పుడూ పైకే ఉండాలని. కోడిగుడ్డు తిప్పకపోతే చస్తుంది, బల్లిగుడ్డు తిప్పితే చస్తుంది. సృష్టి చేసినాయన ఈ రెండిటి మధ్యలో కాఫీకి లేచి వెళ్ళి ఉంటాడు.

గడియారం చూశాను. పదీ పదికి మొదటి గుడ్డు తిప్పాను, ఇప్పుడు పదీ నలభై. అయిదిటినీ మళ్ళీ వెనక్కి తిప్పి పెట్టాను. ఇంటూలు పైకి వచ్చాయి. సున్నాలు కిందికి వెళ్ళి, తడిపొడిలో మెత్తగా పడుకున్నాయి. పైనుంచి చూస్తే ఏమీ జరగలేదు.

మధ్యాహ్నం ఇంటికెళ్తే మా ఆవిడ కోడిగుడ్ల పులుసు పెట్టింది.

"ఏటి, తినకండా గుడ్డుని అటూ ఇటూ తిప్పుతన్నావు?" అంది.

కంచంలో చెయ్యి కడిగేసుకున్నాను.

సోమవారం మేడమ్ వచ్చి, "ఎలా ఉన్నాయి బాబాయ్?" అంది. "నిద్రపోతున్నాయమ్మా," అన్నాను. నవ్వింది. అప్పుడు చెప్పేసి ఉంటే ఇంత కథ లేదు. రేపు చెబుదాం అనుకున్నాను. ఒకవేళ ఏమీ కాకపోతే ఎందుకు చెప్పడం అని కూడా అనుకున్నాను. అసలు కారణం ఇంకొకటుంది, ఇప్పుడు ఒప్పుకుంటున్నాను. నన్ను చూస్తే అందరూ నవ్వుతారు, అది నాకు అలవాటు. నన్ను చూసి ఆ పిల్ల నవ్వకుండా ఉండే రోజు రావడం నాకు ఇష్టం లేకపోయింది.

రెండు వారాలకి ఒక గుడ్డులో నరాలు మాయమయ్యాయి. తరవాత ఇంకోటి సొట్టపడింది. మూడోదాని మీద పసుపు మచ్చ వచ్చింది. పక్కవాటికి తగలనంతవరకూ చెడిన గుడ్డునైనా కదపకూడదన్నది మేడమ్ నియమం. అందుకని వాటిని అలాగే ఉంచి, రిజిస్టరు ముందేసుకుని కూర్చుంది. టెంపరేచర్లన్నీ సరిగ్గానే ఉన్నాయి. శనివారం మధ్యాహ్నం కరెంటు పోయినప్పుడు కూడా బ్యాటరీ మీద నడిచింది.

"పోయినవన్నీ ఫ్యాను వైపే ఉన్నాయి బాబాయ్," అంది చివరికి. "ఫ్యాను గాలికి ఆ వైపు వేడెక్కువైపోయిందేమో. పెట్టెలోనే లోపం ఉన్నట్టుంది."

నేను మొదలుపెట్టింది ఫ్యాను వైపు నుంచి కాబట్టి అటువైపువే పోయాయి. కానీ నా నోటి నుంచి, "అవునేమోనమ్మా," అనే వచ్చింది.

సంగతి పెద్దాయన దాకా వెళ్ళింది. ఆయన ఎదురుచూస్తున్నదే అది. మూడు జంతువుల్నీ వెంటనే వేరే రాష్ట్రంలో ఉన్న పెద్ద కేంద్రానికి పంపడానికి కాగితాలు కదిలించారు. అది మండువేసవి. గుడ్లు పెట్టిన ఆడది ఇంకా కోలుకోలేదు, తుంటి ఎముకలు కనిపిస్తున్నాయి. రెండో ఆడది నిండు కడుపుతో ఉంది. ఆ ఎండలో, రోడ్డు మీద, డబ్బాలో రెండు రోజుల ప్రయాణమంటే ఏమవుతుందో మేడమ్‌కి తెలుసు. నాకూ తెలుసు.

మా బావ సంగతి ఇంకా అన్యాయం. పని మానేసి రోజూ మధ్యాహ్నం మా కేంద్రానికి వచ్చేవాడు. పెట్టె ముందు బాసింపట్టు వేసుకుని, లోపల నాలుగు మూలలా నాలుగు థర్మామీటర్లు పెట్టి చూసుకునేవాడు. నాలుగూ ఒకటే చూపించేవి.

"నా పెట్టి గుడ్లు సంపేసిందంటన్నారు బావా. ఎలాగ సంపిందో నాకు తెలవాలి గదా. లారీ ఆగిపోతే ఎందుకాగిందో సెప్తాను. ఇది ఏటో నాకు అందట్నేదు."

"పోనీలే బావా, కాలం బాగోలేదు."

"కాలానికేటి, వైరింగుంటాదేటి? ఆ టార్చి సరిగ్గా పట్టుకో."

టార్చి పట్టుకున్నాను. అతను నా వెలుగులోనే నా తప్పు వెతుకుతున్నాడు.

సింహాచలంలో చందనోత్సవం వచ్చింది. ఏడాదికి ఒక్కరోజే స్వామి నిజరూపం కనిపించేది. మా బావ ఎండలో ఆరుగంటలు లైన్లో నిలబడి కొండ దిగి వచ్చాడు. ప్రసాదం నా చేతిలో పెట్టాడు.

"ఏం కోరుకున్నావు బావా?" అని అడిగాను.

"కోరికేటి నేదు. ఒకటే అడిగాను సామిని. నా పెట్టిలో ఏ వైరు తప్పో సెప్పీమన్నాను."

ప్రసాదం గొంతులో అడ్డం పడింది. అతను నా వీపు మీద చరుస్తూ, "మెల్లిగా తిను, ఎవలు ఎత్తుకుపోతారు!" అన్నాడు.

మూడో రోజు పెద్దాయన వచ్చారు. చిన్న గది, నలుగురం ఉన్నాం. పెద్దాయన, మేడమ్, మా బావ, నేను. ఆయన పెట్టె తెరిపించి గుడ్లు చూశారు. తలుపు మీది సోడా బొమ్మ కూడా చూశారు.

"నేను మొదటే చెప్పానమ్మా. ఆటోనగర్లో లారీలు బాగుచేసే మనిషితో ఇలాంటి పనులు చేయిస్తే ఇలాగే ఉంటుంది. ఇది సైన్సు. తప్పు ఎక్కడుందో ఇప్పుడైనా రిపోర్టులో స్పష్టంగా రాయండి. పరికరం లోపం అని రాయండి."

మేడమ్ కలం తీసింది. మా బావ చేతులు కట్టుకుని, తన పెట్టె వంక కూడా చూడకుండా నేల చూస్తున్నాడు. ఏ లారీ యజమాని ముందూ తల దించని మనిషి.

"సార్, పెట్టె తప్పు కాదండి," అన్నాను. "గుడ్లు నేను తిప్పానండి."

పెద్దాయన విసుగ్గా మొహం చిట్లించారు.

"ఇది నీ జోకులకి టైం కాదయ్యా."

ఇరవై ఏళ్ళుగా మనుషుల్ని నవ్వించిన ఫలితం చూశారా? జీవితంలో ఒక్కసారి నిజం చెబితే చప్పట్లు లేవు సరికదా, నమ్మకం కూడా లేదు. మేడమ్ నీరసంగా నవ్వి, "బాబాయ్, ఇప్పుడు కాదు," అంది. మా బావ అయితే నా జబ్బ పట్టుకున్నాడు. అతని కళ్ళల్లో నీళ్ళున్నాయి.

"నా కోసం అబద్ధం ఆడకు బావా. నా తప్పు నాను మోత్తాను."

అతని చెయ్యి విడిపించుకున్నాను.

"ఆ చచ్చిపోయిన గుడ్డు తిప్పి చూడమ్మా. కింద సున్నా ఉంటాది. నేనే గీశాను. పోయిన మూడూ, వాటి పక్కనున్న రెండూ. అయిదు సున్నాలు."

మేడమ్ కలం కింద పెట్టింది. తరవాత చెమ్చాతో, పసుపు మచ్చ వచ్చిన గుడ్డును మెల్లగా ఎత్తి ఒరిగించింది. తడికి కొంచెం చెదిరినా సున్నా గుండ్రంగా, అందంగా ఉంది. హేచరీలో నా సున్నాలకి మంచి పేరుండేది.

పెద్దాయన అరిచారు. ఏమేం అరిచారో రాయను, సగం ఇంగ్లీషులో ఉండటం వల్ల నాకు సగమే తగిలింది. మా బావ అరవలేదు. నన్నొకసారి పైనుంచి కిందికి చూశాడు, కొత్త మనిషిని చూసినట్టు. తన స్క్రూడ్రైవర్లు సంచీలో వేసుకుని బయటికి వెళ్ళిపోయాడు.

మేడమ్ రిజిస్టరులో కొత్త పేజీ తిప్పింది.

"ఏ రోజు?"

"గుడ్ ఫ్రైడే."

"ఎన్ని గంటలకి?"

"పదీ పదికి మొదటిది. పదీ నలభైకి అన్నీ వెనక్కి తిప్పేశాను."

"ఏ వరసలో? ఏది ముందు, ఏది తరవాత?"

అన్నీ చెప్పాను. హేచరీలో తిప్పిన టైము తప్పు చెబితే చెంప పగిలేది, ఆ అలవాటు పోలేదు. ఆమె తిట్టలేదు. తల ఎత్తకుండా రాసుకుంటూ పోయింది. చివరికి పెద్దాయనతో మాత్రం గట్టిగా అంది.

"సార్, పెట్టె సరిగ్గానే ఉంది. తిప్పని గుడ్లు నాలుగూ బాగున్నాయి. తాబేళ్ళ గుడ్లు తిప్పితే ఏమవుతుందో పుస్తకాల్లో ఉంది. ఈ జాతిలో ఏమవుతుందో ఎవరికీ తెలియదు, ఎవరూ కావాలని తిప్పి చూడలేరు కాబట్టి. ఇప్పుడు ఆ లెక్క మన దగ్గరుంది. ఈ నాలుగూ పగిలేదాకా జంతువుల్ని పంపకండి."

ఆయన రిజిస్టరు ఒకసారి తిరగేసి, ప్రయాణం ఆపారు. నాకు మెమో ఇచ్చారు, గుడ్ల గది ఛాయలకి రావద్దన్నారు, కీచురాళ్ళ షెడ్డులో వేశారు. అక్కడ వేలకొద్దీ కీచురాళ్ళు మేత కోసం పెరుగుతుంటాయి. నా జోకులకి ఒక్కటీ నవ్వలేదు, ఒక్కటీ నోరు మూసుకోనూ లేదు.

నాయనలారా, అమ్మలారా, తప్పు చెయ్యొద్దని నేను మీకు చెప్పను, చెప్పినా మీరు వినరు. చేస్తే మాత్రం టైము చూసుకుని పెట్టుకోండి. ఎన్నిగంటలకి చేశారో చెప్పగలిగితే ఆ తప్పు ఎవరికైనా పనికొస్తుంది. చెప్పకుండా దాచుకుంటే అది ఇంకొకడి మెడకి చుట్టుకుంటుంది, ఆ ఇంకొకడు మీకు ప్రసాదం తెచ్చి పెడతాడు.

మా బావ నాతో మాటలు మానేశాడు. పెట్టె చూడటానికి వచ్చేవాడు, నేను షెడ్డు గుమ్మంలో కనిపిస్తే మేడమ్‌తో, "మీ బాబాయిని దారికడ్డం లెగమని సెప్పండి మేడమ్," అనేవాడు. నేను, "దారి చాలా వెడల్పుగా ఉందని చెప్పమ్మా," అనేవాణ్ణి. ఆ పిల్ల మా ఇద్దరి మధ్యా నిలబడి తల పట్టుకునేది.

తొలకరి పడిన వారంలో తిప్పని నాలుగు గుడ్లూ పగిలాయి. మేడమ్ షెడ్డు దాకా పరిగెత్తుకొచ్చి నన్ను లాక్కెళ్ళింది. చేతులు వెనక్కి కట్టుకుని, గుమ్మం అవతలే నిలబడి చూశాను. అగ్గిపుల్లంత పిల్లలు. గడ్డం కింద నీలం ఇంకా రాలేదు, పొగరు మాత్రం వచ్చేసింది. నేను తిప్పినవాటిలో మిగిలిన రెండిటిలో ఒకటి లోపలే పోయింది. ఇంకొకటి తొమ్మిది రోజులు ఆలస్యంగా బయటికి వచ్చింది, తోక కొంచెం వంకర.

అంటే నా చేతుల్లో నాలుగు పోయాయి. ఇంతసేపూ నవ్వుతూ రాశాను గానీ ఈ వాక్యం నవ్వుతూ రాయడం నాకు చేతకాలేదు. ప్రపంచం మొత్తం మీద అవి ఉన్నది ఆ ఒక్క దీవిలో, మా ఒక్క పెట్టెలో. అందులో నాలుగు.

వంకర తోకది పుట్టిన మర్నాడు మా బావ వచ్చాడు. దాన్ని అటునుంచీ ఇటునుంచీ చూశాడు. అప్పటికి రెండో ఆడబల్లి పెట్టిన గుడ్లు పెట్టెలో ఉన్నాయి, ఇంటూలు పైకి. అతను సంచీ విప్పి, పెట్టె తలుపుకి గొళ్ళెం బిగించి, ఇత్తడి తాళం వేశాడు. తిన్నగా కీచురాళ్ళ షెడ్డులోకి వచ్చి తాళంచెవి నా చేతిలో పెట్టాడు.

"ఇదేటి బావా? నా సెయ్యి తగలకూడదనే కదా తాళం?"

"ఒకటే సెవి ఉన్నాది. నీ కాడే ఉంటాది. మేడమ్‌కి సెప్పాను, పెద్దాయనకీ ఆవిడే సెప్తాది. రేపు ఇంకో గుడ్డు పోయిందనుకో, నాను వైర్లు ఎతుక్కోనక్కర్నేదు. తిన్నగా మీ ఇంటికే వత్తాను."

నలభై రోజుల తరవాత అతను నాతో అన్న మొదటి మాటలు అవి. చెవి గుప్పిట్లో పట్టుకుని లేచాను.

ఇద్దరం గుడ్ల గదికి వెళ్ళాం. తాళం తీసి, టెంపరేచర్ చూసి, రాసి, మళ్ళీ వేశాను. లాగి చూశాను. అతను కూడా లాగి చూశాడు.

"ఊఁ," అన్నాడు. "పద, టీ తాగుదాం."